గీత దాటిన తరువాత



పందెములో మోసము చేసినవారిని గురించి మనము తరచుగా వింటాము. కాని పందెము ముగిసి, బూట్లు విప్పి, ఇల్లు చేరిన తరువాత క్రీడాకారులు, వారి ఇంటివారు ఎలా నడుచుకోవాలి అన్న సంగతి అంతగా ఆలోచించము. ఈ నెల ఆ సంగతినే మన కుటుంబముల ముందు ఉంచుచున్నాము.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల పరుగు. అంతకంటె ఎక్కువ దూరము పరుగెత్తేది ఏదైనా అల్ట్రా పరుగే. 50 కిలోమీటర్ల పందెములున్నాయి, 100 మైళ్ల పందెములున్నాయి. 24 గంటలలో లేదా ఆరు దినములలో ఎవరు ఎంత దూరము పోగలరో చూచే పందెములు కూడ ఉన్నాయి. కొండదారులలో, అడవులలో, రాత్రివేళ నుదుటికి కట్టుకున్న లైటు వెలుతురులో ఒంటరిగా పరుగెత్తాలి. చాలా దూరము చూచేవారు ఎవరూ ఉండరు. అందుచేత ఈ ఆట చాలవరకు నమ్మకము మీదనే నడుస్తుంది.

ఆ నమ్మకమును పందెములోనే పోగొట్టుకున్నవారు ఉన్నారు. 2023లో ఇంగ్లండులోని మాంచెస్టర్ నుండి లివర్‌పూల్ వరకు జరిగిన 50 మైళ్ల పరుగులో ఒక క్రీడాకారిణి కొంత దూరము కారులో ప్రయాణము చేసి, మూడవ స్థానపు బహుమతి తీసుకున్నారు. విషయము బయటపడినది, 12 నెలల నిషేధము పడినది. ఇది పందెము లోపలి తప్పు. దీనికి నియమము ఉన్నది, విచారణ ఉన్నది, శిక్ష ఉన్నది.

పందెము బయటి తప్పు వేరు. 2024 మార్చిలో అమెరికా క్రీడాకారిణి కెమిల్ హెరాన్ ఆరు దినములలో సుమారు 901 కిలోమీటర్లు పరుగెత్తి, అప్పటికి స్త్రీలలో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఆమె దక్షిణాఫ్రికాలోని ప్రసిద్ధమైన కామ్రేడ్స్ పరుగును కూడ 2017లో గెలిచారు. ఇంత ఘనత ఉన్న ఇంటిలో మరొక పని జరిగినది. అదే సంవత్సరము సెప్టెంబరులో ఒక కెనడా పత్రిక ఆ సంగతి బయటపెట్టినది. ఎవరైనా వ్రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వము వికీపీడియాలో, ఇతర క్రీడాకారుల పేజీలలోని మెప్పు మాటలను మారుపేర్లతో తీసివేసి, హెరాన్ పేజీలో మెప్పు పెంచుతూ వచ్చారన్నదే ఆ సంగతి. అలా తగ్గింపబడినవారిలో ఒకరు కోర్ట్నీ డావాల్టర్. 2023లో ఒకే వేసవిలో మూడు గొప్ప 100 మైళ్ల పందెములను గెలిచిన స్త్రీ. మరొకరు కిలియన్ జోర్నెట్. ఆల్ప్స్ కొండలలో జరిగే ప్రఖ్యాత పరుగును నాలుగుసార్లు గెలిచినవాడు. హెరాన్ భర్త, శిక్షకుడు అయిన కానర్ హోల్ట్ ఆ పని తనదేనని, తన భార్యకు దానితో సంబంధము లేదని ఒప్పుకున్నారు. అయినను ఆమెకు ఆర్థిక సహాయము చేస్తున్న లులులెమన్ కంపెనీ ఆమెతో ఒప్పందమును ముగించినది.

"ఇందులో ఏ పందెము ఫలితము మారినది? నాలుగు మాటలు దిద్దితే అంత నేరమా?" అని కొందరు అడుగవచ్చును. అల్ట్రా పరుగులో బహుమతి డబ్బు తక్కువ. అక్కడివారికి పేరే జీవనాధారము. కంపెనీలు పేరును చూచి సహాయము చేస్తాయి. కాబట్టి ఒకరి పేరు నుండి ఒక వాక్యము చెరిపివేయుట, వారి పొలము గట్టును రాత్రిపూట ఒక అడుగు లోపలికి జరుపుటవంటిది. గట్టు జరిగినదని వెంటనే తెలియదు. తెలిసిన దినమున రెండు ఇండ్లకూ మనశ్శాంతి ఉండదు.

మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. పోటీదారులు ఈ పని చేయలేదు. ఆమెను ప్రేమించిన భర్త చేశాడు. ఇంటివారి మీద ప్రేమతో ఇతరులను తగ్గించుట మన ఇండ్లలో కూడ జరుగుతుంది. తన బిడ్డ రెండవ స్థానములో వస్తే, మొదట వచ్చిన బిడ్డకు వయస్సు ఎక్కువని, మాస్టారికి బంధువని, ఏదో మందు తాగినదని తల్లిదండ్రులు అంటారు. బిడ్డ దానిని వింటాడు. తన ఓటమిని భరించుట నేర్వవలసిన సమయములో, ఎదుటివారి గెలుపును అనుమానించుట నేర్చుకుంటాడు.

ఇది ఎంత దూరము పోగలదో మన తెలుగు బిడ్డ ఒకరి విషయములో చూచాము. అగసర నందిని తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివిన పిల్ల. తండ్రి టీ అమ్మి కుటుంబమును పోషించినవాడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో హెప్టాథ్లాన్‌లో, అంటే రెండు దినములలో ఏడు అంశములుండే కఠినమైన పోటీలో, 5,712 పాయింట్లతో ఆమె కాంస్య పతకము గెలిచినది. నాలుగవ స్థానములో నిలిచిన మన దేశపు క్రీడాకారిణి స్వప్న బర్మన్‌కు 5,708 పాయింట్లు వచ్చాయి. తేడా నాలుగు పాయింట్లు. స్వప్న సామాన్యురాలు కాదు. 2018లో జకార్తాలో పంటి నొప్పితో దవడకు పట్టీ అంటించుకొని, ఇదే పోటీలో స్వర్ణము గెలిచిన ధీరురాలు. అటువంటి ఆమె తన పతకమును ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీకి కోల్పోయానని సామాజిక మాధ్యమములో వ్రాశారు. తరువాత ఆ మాట తొలగించారు. కాని లోకమంతా అప్పటికే చదివినది.

అది చిన్న మాట కాదు. పురుషునిగా యౌవన దశ దాటిన ట్రాన్స్‌జెండర్ స్త్రీలు అంతర్జాతీయ స్త్రీల పోటీలలో పాల్గొనరాదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ అదే సంవత్సరము మార్చిలో నియమము చేసినది. కనుక ఆ మాటను లోకము నమ్మితే నందిని పతకమే కాదు, ఆమె క్రీడాజీవితమే పోవును. ఎవరికైనా నిజముగా సందేహము ఉంటే క్రీడా సంఘమునకు ఫిర్యాదు చేసుకొనే మార్గము ఉన్నది. అక్కడ విచారణ గుట్టుగా జరుగుతుంది. నలుగురిలో అరచి చెప్పినది ఫిర్యాదు కాదు, నింద. అంతేకాక ట్రాన్స్‌జెండర్ అన్న మాటను తిట్టుగా వాడుట, ఆ జీవితము జీవించుచున్నవారికి కూడ గాయమే.

నందిని మైదానము విడువలేదు. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో 5,941 పాయింట్లతో స్వర్ణము గెలిచినది. కాని ప్రతి బిడ్డకు అంత ధైర్యము, అంత అండ ఉండదు. మన చోడవరము, బుచ్చయ్యపేట ప్రాంతములో ఒక ఆడపిల్ల నడకను గురించి, గొంతును గురించి, ఒంటిని గురించి నలుగురు నవ్వితే ఏమగును? మరుసటి దినమే తండ్రి ఆమెను ఆట మాన్పించును. అక్కడితో పరుగు ఆగిపోవును. నవ్వినవారికి ఆ సంగతి గుర్తు కూడ ఉండదు.

మైదానము బయట నడవడిలో మనకు మంచి మాదిరి కూడ ఉన్నది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ పోటీ గెలిచిన తరువాత, పెద్ద శీతల పానీయ కంపెనీ ప్రకటనకు పిలిస్తే వద్దన్నారు. తాను త్రాగనిదానిని, పిల్లలకు మేలు చేయనిదానిని త్రాగమని చెప్పలేనన్నది ఆయన భావము. ఏ నియమావళీ ఆయనను అడ్డగించలేదు. అడ్డగించేవారు లేనప్పుడు చేసిన పని గనుకనే దానికి విలువ. తరువాత ఆయన సొంత ఇంటిని తాకట్టు పెట్టి అకాడమీ కట్టి, ఇతరుల బిడ్డలను తనకంటె గొప్పవారిని చేశారు.

మన గ్రామములలో తెల్లవారుజామున, చెరకు తోటల ప్రక్క రోడ్డు మీద, పోలీసు, సైన్యము ఎంపికల కొరకు 1,600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులను చూస్తాము. వారి తల్లిదండ్రులకు, శిక్షకులకు మా మనవి ఇది:

ఒకటి, బిడ్డ ఓడి ఇంటికి వచ్చిన రాత్రి, గెలిచినవారిని గురించి చెడుగా మాట్లాడకండి. అన్నము పెట్టండి, నిద్రపోనివ్వండి.

రెండు, సందేహము ఉంటే పేరు పెట్టి, సంతకము చేసి, సంబంధించిన పెద్దలకు ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మారుపేరుతో వ్రాయవలసిన మాట అసలు వ్రాయదగినది కాదు.

మూడు, మీ మేలు కొరకని ఇంటివారు ఎవరైనా ఎదుటివారిని కించపరిస్తే, "నా కోసము అది చేయవద్దు" అని మీరే చెప్పండి. ఆ మాట చెప్పుట బిడ్డలకు కూడ నేర్పండి.

నాలుగు, ఆడపిల్ల శరీరము మీద వ్యాఖ్యలు ఎవరు చేసినా, పెద్దలు అక్కడికక్కడే ఆపండి. మౌనముగా నవ్వి ఊరకుండకండి.

పొరుగువారి పేరును పాడుచేయరాదన్న సంగతికి పది ఆజ్ఞలలో ఒకటి ప్రత్యేకముగా కేటాయింపబడినది. అది కోర్టులోని సాక్షికి మాత్రమే కాదు, మైదానము గట్టున నిలబడి చూచేవానికి కూడ చెందును. వచ్చే సంక్రాంతికి మన ఊళ్లలో మరల పందెములు జరుగును. ఓడిన బిడ్డ చేయి పట్టుకొని, గెలిచిన బిడ్డ దగ్గరకు తీసుకొనిపోయి, బాగా పరుగెత్తావమ్మా అని చెప్పించే తల్లిదండ్రులు ఈసారి మన మధ్య కొందరైనా ఉందురని ఆశించుచున్నాము.