పొట్టి తుపాకి, పొడుగు గొట్టము

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతముల పఠనమందిరములలో పోలీసు కొలువుల పరీక్షలకై చదువుకొనుచున్న యువకులు ఎందఱో కలరు. వీరిలో కొందఱు రేపు రాష్ట్ర దళములలోనో, కేంద్ర రిజర్వు పోలీసులోనో, సైన్యములోనో చేరి తుపాకి పట్టుదురు. వారి చేతికి ఎట్టి తుపాకి నీయవలెనను ప్రశ్న టెండర్లు వ్రాయు ఉద్యోగులకే చెందినదని మనము ఊరకుండుట తగదు. దానికి వ్యయమగు ధనము ప్రజలది. దానిని మోయు భుజము మన బిడ్డలది. కావున ఇపుడు లోకమున వాదమునకు పాత్రమైయున్న 'బుల్‌పప్' తుపాకిని గూర్చి పాఠకులకు కొంత విన్నవింపదలచితిమి.

సాధారణమైన రైఫిలులో తూటాల పెట్టెయు, తూటాను పేల్చు యంత్రమును మీటకు ముందుభాగమున నుండును. వాని వెనుక భుజమునకు ఆనించు మడమ వట్టి ఊతగా మాత్రమే నిలుచును. బుల్‌పప్ తుపాకిలో ఈ యంత్రమును, పెట్టెను మీటకు వెనుకకు, మడమలోనికి జరిపిరి. ఊరక పడియున్న చోటు పనిలోనికి వచ్చినది. గొట్టము పొడవు తగ్గకయే తుపాకి పొడవు తగ్గినది. మన ఇన్సాస్ రైఫిలు గొట్టము రమారమి 46 సెంటీమీటర్లు, తుపాకి మొత్తము 96 సెంటీమీటర్లు. ఇజ్రాయెలు వారి టావోర్ గొట్టమును అంతియే. కాని తుపాకి మొత్తము 72 సెంటీమీటర్లే. మూర పొడవులో సగము మిగిలినదన్నమాట.

గొట్టము పొడవుతో నేమి పనియని అడుగవచ్చును. తూటా వేగమంతయు గొట్టములో నున్నంత సేపే పెరుగును, 5.56 మిల్లీమీటర్ల చిన్న తూటాకు ఆ వేగమే ప్రాణము. అమెరికా వారి ఎం-4 కార్బైను మడమను లోనికి ముడిచిన 76 సెంటీమీటర్లకు దిగునుగాని, దాని గొట్టము 37 సెంటీమీటర్లే. ఆస్ట్రియా వారి ఆగ్ తుపాకి 79 సెంటీమీటర్లలో 51 సెంటీమీటర్ల గొట్టమును ఇముడ్చుకొన్నది. కవచశకటము నుండి దిగువానికి, హెలికాప్టరులో కూర్చుండువానికి, ఇరుకు మెట్లెక్కువానికి ఇది చిన్న మేలు కాదు.

మన నగరమునకు ఈ సంగతి దూరమైనది కాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, గోకుల్ చాట్ వద్దను బాంబులు ప్రేలినవి. ఆనాడే దిల్‌సుఖ్‌నగరులో ప్రేలని బాంబొకటి దొరకినది. 2013 ఫిబ్రవరి 21న ఆ దిల్‌సుఖ్‌నగరే రక్తసిక్తమైనది. 2007లో ఆక్టోపస్ దళమును, 2008 ముంబయి దాడుల పిమ్మట 2009లో హైదరాబాదున జాతీయ భద్రతా దళపు కేంద్రమును ఏర్పడినవి. బాంబు పెట్టి పోయినవానిని పట్టుటకు తుపాకి పొడవుతో పనిలేదు, నిజమే. కాని హోటలు గదులలో జొరబడి జనులను చెఱపట్టిన ముష్కరుల నెదుర్కొనుటకు పొట్టి ఆయుధము కావలసియుండును.

ఇక దోషములు. ఇందు మొదటిది విచిత్రమైనది. ఇరుకు చోట్లకు తగినదని పొగడబడు తుపాకి ఆ ఇరుకు చోటనే ఒక వైపున మొండికెత్తును. యంత్రము మడమలో నున్నందున ఖాళీ తొడుగు కాల్చువాని చెక్కిలి ప్రక్కనుండియే వెలికి దూకును. కుడిభుజమున నుంచి కాల్చినంతవఱకు బాధలేదు. సందు మలుపున గోడ చాటుననుండి ఎడమప్రక్కకు తొంగి కాల్చవలసివచ్చినపుడు, శరీరమును దాచుకొనుటకై తుపాకిని ఎడమభుజమునకు మార్చిన, వేడి తొడుగు ముఖమునకు తగులును. బ్రిటిషువారి ఎల్-85 కుడిభుజమునకే తగినది. ఎడమచేతివాటము వాడైనను కుడిచేతితోనే నేర్వవలెను. ఆగ్, ఫామాస్, టావోర్ తుపాకులలో తొడుగు పోవు ప్రక్కను మార్చుటకు వీలున్నదిగాని, అది ఆయుధమును విప్పి చేయవలసిన పని. పోరు నడుమ జరుగునది కాదు. ముందువైపునకు తొడుగులను వెళ్లగొట్టు ఎఫ్-2000 వంటి తుపాకులు ఈ చిక్కును విప్పినవి. కాని యంత్రము మఱింత జటిలమైనది.

తూటాల పెట్టె చంకక్రింద నుండుటవలన దానిని మార్చుట తడవుడు పని. నేలపై బోర్లపడుకొన్నవానికి ఇది మఱియు కష్టము. మీటనుండి యంత్రమువఱకు పొడవైన కడ్డీ పోవలసియుండుటచే మీట మెత్తగా, తెలియని నడకతో కదలును. గురి చూచువాడు దీనిని మెచ్చడు.

మా దృష్టిలో వీనికంటె పెద్దదైన కొఱత మడమ కొలత. సాధారణ కార్బైను మడమను ఒంటికి తగినట్లు జరుపుకొనవచ్చును. బుల్‌పప్ మడమలో యంత్రమున్నది గనుక అది ఎంత పొడవో అంతియే. ఐదడుగుల స్త్రీ కానిస్టేబులును, ఆఱడుగుల జవానును, పైగా మందమైన కవచము తొడిగి, ఒకే కొలత తుపాకితో సరిపెట్టుకొనవలెను. పాదరక్షలనైన కొలత చూచి ఇచ్చుచున్నాముగదా!

ఇతర దేశముల అనుభవ మేమి? బ్రిటన్ 1951లోనే ఈఎం-2 అను బుల్‌పప్‌ను స్వీకరింప నిశ్చయించి, తూటా విషయమున అమెరికాతో పొత్తు కుదరక విడిచినది. దాని స్థానమున వచ్చిన ఎఫ్.ఎన్. రైఫిలు రూపమే పిమ్మట మన ఈశాపూరులో ఎస్.ఎల్.ఆర్.గా తయారై, మన సైనికుని భుజమున దశాబ్దములు నిలిచినది. 1985లో బ్రిటన్ ప్రవేశపెట్టిన ఎల్-85 మొదట చిక్కులపాలై, 2000 తరువాత జర్మను సంస్థచే దిద్దింపవలసివచ్చినది. ఫ్రాన్సు 1978 నాటి ఫామాస్‌ను వదలి 2017 నుండి సాధారణ రూపపు రైఫిలును తెచ్చుకొన్నది. చైనా 1997లో లోకమునకు చూపిన బుల్‌పప్‌కు బదులుగా 2019 కవాతులో సాధారణ రూపపు రైఫిలును చూపినది. న్యూజిలాండును మరలినది. ఆస్ట్రియా, ఆస్ట్రేలియా, సింగపూరు మాత్రము మరలలేదు. విడిచినవారు మూర్ఖులనిగాని, పట్టుకొన్నవారు మూఢులనిగాని మేము తలపము. ఎవరి యుద్ధభూమి వారిది.

మన దేశము 2002లో ప్రత్యేక దళములకై మూడువేల పైచిలుకు టావోర్ తుపాకులను కోరినది. దాని చిన్నతమ్ముడగు ఎక్స్-95 కేంద్ర రిజర్వు పోలీసు కోబ్రా దళములకు వచ్చినది. దట్టమైన పొదలలో దూరి నడచువారికి అది తగునని మేము నమ్ముదుము. అయితే 2025 వేసవిలో కేంద్ర దళములు ఇరువదియొక్క దినములు గాలించిన కర్రెగుట్టలవంటి కొండలలో దూరపు గురియు కావలసివచ్చును. 2024 జనవరిలో రక్షణ పరిశోధన సంస్థవారు, హైదరాబాదునందలి ద్వీప ఆర్మర్ సంస్థ తోడ్పాటుతో నూఱు దినములలోపల సిద్ధముచేసి చూపిన 'ఉగ్రం' రైఫిలు 7.62 మిల్లీమీటర్ల తూటాను 500 మీటర్ల దూరమునకు ఉద్దేశించినది. అది సాధారణ రూపముననే యుండుట గమనింపదగినది.

కావున మా అభిప్రాయమిది. శకటములలో తిరుగు దళములకును, గృహములలో చొరబడు కమాండోలకును బుల్‌పప్ నీయుడు. పటాలమంతటికి, ఠాణాలన్నిటికి దానిని పంచుటకు తొందరపడకుడు. రెండు విధముల తుపాకులు చేతిలోనున్న దళము రెండు విధముల శిక్షణ పొందవలెను. ఒక యంత్రమునకు అలవాటుపడిన చేయి ఆపత్కాలమున రెండవదానిపై పాత చోటనే పెట్టెను వెదకును. ఆ ఒక్క క్షణమునకు వెల కట్టుట ఎవరితరము?

కొనుగోలునకు ముందు జరుగు పరీక్షలలో ఎడమచేతివాటము వారిని, పొట్టివారిని, స్త్రీ సిబ్బందిని తప్పక చేర్పవలెను. కవచము తొడిగించి, బోర్లపడుకొనబెట్టి, చీకటిలో పెట్టె మార్పించి కాలము లెక్కగట్టవలెను. రహస్యము చేయవలసిన అంశములు పోగా తక్కిన ఫలితములను, టెండరు తెఱచుటకు పూర్వమే శాసనసభ్యుల యెదుట నుంచవలెను.