మూగజీవి భోజనానికీ మితం ఉండాలి

మితాహారమే ఆరోగ్యానికి మూలమని మన వైద్యగ్రంథాలు ఎన్నో విధాల ఘోషించాయి. ఆ మాటను మనం మన విస్తరి వరకే పరిమితం చేసుకున్నాము. మన గుమ్మాన్ని కాచే కుక్క విషయంలో మాత్రం, అది ఎంత తింటే మనకు అంత పుణ్యమని తలుస్తున్నాము. ఈ ఆలోచనను సరిదిద్దుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలలో కుక్క అలంకారానికి పెంచుకునే ప్రాణి కాదు. నల్లమల అంచు పల్లెలలో గొర్రెల మంద వెంట నడిచేది అదే. రాత్రివేళ దొడ్డి కాచేది అదే. పలకల గనుల వద్ద, పొలాల కళ్లాల వద్ద కాపలా ఉండేదీ అదే. కాపరికి కుక్క పోతే ఇంట్లో ఒక మనిషి చేయి పోయినట్లే. ఇటీవల పట్టణాలలో పామేరియన్, లాబ్రడార్ వంటి జాతుల పెంపకం కూడా పెరిగింది. వాటికోసం ప్యాకెట్లలో చిరుతిండ్లు అమ్ముతున్నారు. మంద కుక్కకైనా, మేడమీది కుక్కకైనా ఆపద ముంచుకొచ్చే రోజులు ఒకటే: పెళ్లి, తిరునాళ్ల, పండుగ. ఆ రోజున ఇంటిల్లిపాదీ తలా ఒక ముద్ద పెడతారు. ఒకరు పెట్టినట్లు మరొకరికి తెలియదు. ఎత్తిన విస్తళ్లు పెరట్లో పారవేస్తారు. సాయంత్రానికి కుక్క పొట్ట పట్టుకొని మూలుగుతుంది.

ఎంత పెడితే ఎక్కువ?

చిరుతిండి ద్వారా అందే శక్తి కుక్క రోజు ఆహారంలో పదో వంతుకు మించరాదని పశువైద్యులు చెబుతారు. పది కిలోల బరువున్న కుక్కకు రోజుకు సుమారు 600 కెలోరీలు చాలు. అందులో పదో వంతు అంటే 60. ఒక చిన్న గ్లూకోజ్ బిస్కెట్టులోనే 20 కెలోరీలకు పైగా ఉంటాయి. అనగా రెండు బిస్కెట్లతోనే ఆనాటి చిరుతిండి దాదాపు పూర్తయినట్లు. నేతిలో వేగిన అరిసె ఒక్కటి చాలు, ఆ హద్దు దాటిపోవడానికి. టీ కొట్టు ముందు ప్యాకెట్టు విప్పి మొత్తం కుమ్మరించే దయామయులు ఈ లెక్కను ఒక్కసారి మనసులో వేసుకోవాలి.

మన పెద్దలు భూతయజ్ఞం పేరిట కుక్కకు, కాకికి అన్నం పెట్టమన్నారు. వారు పెట్టమన్నది పిడికెడు ముద్ద. కడుపు పగిలేటంత కాదు. దయకు కూడా ఒక కొలత ఉన్నదని వారికి తెలుసు.

పరిమాణం కన్నా పదార్థం ముఖ్యం

తిన్నది ఎక్కువైనదా అన్నది రెండవ ప్రశ్న. తిన్నది ఏమిటి అన్నదే మొదటి ప్రశ్న. మనకు అమృతమైన కొన్ని పదార్థాలు కుక్కకు విషాలు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను విరిచివేస్తాయి. ఆ లక్షణాలు కొన్ని రోజుల తరువాత గాని బయటపడవు. నులిపురుగులు పోతాయని వెల్లుల్లి నూరి కుక్క నోట పోసే అలవాటు మన పల్లెలలో ఉన్నది. దానిని ఇకనైనా మానుకోవాలి. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కలలో మూత్రపిండాలను పాడు చేస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేము. లడ్డూలోను, పాయసంలోను కిస్‌మిస్ ఉంటుందని మరువరాదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే ఈ కీడుకు కారణం కావచ్చునని అమెరికా పశువైద్య విషశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. చింతపండు తిన్న కుక్కలలో కూడా మూత్రపిండాలు దెబ్బతిన్నట్లు వారు 2022లో ప్రకటించారు. చింతచెట్టు లేని ఊరు లేని మన ప్రాంతంలో ఈ మాటకు ఎంతో విలువ ఉన్నది. పులిహోర, పులుసన్నం కుక్కకు పెట్టకపోవడమే మంచిది. చాక్లెట్టు, పంచదార లేని చూయింగ్ గమ్ములలో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం, ఉడికిన ఎముకలు కూడా ఈ పట్టికలోనివే. ఇటువంటివి తిన్నదని తెలిసిన వెంటనే, లక్షణాల కోసం ఎదురు చూడక, పశువైద్యునికి చెప్పాలి.

చరకుడు చెప్పిన రెండు విధాలు

చరక సంహిత విమానస్థానం రెండవ అధ్యాయంలో కడుపును మూడు భాగాలుగా భావించమన్నారు. ఒకటి ఘనాహారానికి, ఒకటి ద్రవాలకు, ఒకటి వాత పిత్త కఫాల సంచారానికి. ఆ హద్దు మీరి తిన్నప్పుడు పుట్టే ఆమదోషం రెండు విధాలు. పైకీ కిందికీ, అనగా వాంతిగానో విరేచనంగానో వెళ్లిపోయేది విసూచిక. ఎటూ పోక లోపలనే స్తంభించిపోయేది అలసకం. ఈ విభజన మనిషికి చెప్పినది. అయినా కుక్కను గమనించడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

అతిగా తిన్న కుక్క ఒకటి రెండుసార్లు కక్కి, పలుచగా విరేచనమై, ఆ పైన మందకొడిగా పడుకుంటే అది మొదటి కోవకు చెందినది. విసూచికకు మొట్టమొదటి చికిత్స లంఘనమని చరకుని మాట. కుక్కకు కూడా అదే శరణ్యం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు 12 గంటలు, అవసరమైతే 24 గంటల వరకు ఆహారం ఆపవచ్చు. మంచినీరు మాత్రం కొద్దికొద్దిగా, తరచుగా పెట్టాలి. మన ఎండలలో నీరు ఆపితే ప్రాణానికే ముప్పు. ఒక్కసారిగా గిన్నెడు నీరు పెడితే మళ్లీ కక్కుతుంది. పరుగెత్తించరాదు, పొట్ట నొక్కరాదు. నీడలో పడుకోనివ్వాలి. కడుపు కుదుటపడిన తరువాత ఉప్పు, కారం, నూనె, తాలింపు ఏమీ లేకుండా మెత్తగా వండిన అన్నాన్ని రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. చర్మం, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం కొంచెం కలుపవచ్చు. రెండు మూడు రోజులలో మామూలు తిండికి రావచ్చు. చిన్న పిల్లలకు, మరీ చిన్న జాతులకు, చూలు కుక్కకు, పాలిచ్చే తల్లికి, మధుమేహం ఉన్న కుక్కకు మాత్రం ఈ ఉపవాసం పనికిరాదు. వాటిని వైద్యునికి చూపడమే మేలు.

ఇక రెండవది. కుక్క పదే పదే ఓకరిస్తుంది గాని ఏమీ బయటికి రాదు. పొట్ట డోలు వలె బిగుస్తుంది. చొంగ కారుస్తుంది, ఒకచోట నిలువలేదు, పడుకోలేదు. చిగుళ్లు పాలిపోతాయి. ఇది జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలిపడిపోయిన స్థితి కావచ్చు. లోతైన రొమ్ము గల పెద్ద జాతులలో ఇది ఎక్కువ. దీనికి శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు. గంటల వ్యవధిలో ప్రాణం పోతుంది. మన రాష్ట్రంలో పశువైద్య కళాశాలలున్న ప్రొద్దుటూరు, తిరుపతి, గన్నవరాలలో దేనికి పోవాలన్నా మార్కాపురం నుండి గంటల ప్రయాణమే. కనుక ఇంటి వైద్యంతో గడిపే ప్రతి నిమిషమూ ఆ ప్రాణం నుండి కోసుకున్నదే. ముందుగా దగ్గరి పశువైద్యశాలకు తరలించాలి. ఎక్కడికి పంపవలెనో వారు నిర్ణయిస్తారు. కొవ్వు పదార్థాలు తిన్న మరుసటి రోజున ముందు కాళ్లు చాచి వెనుక భాగం పైకెత్తి వంగుతున్నా, ఆగకుండా కక్కుతున్నా, రక్తం పడినా అశ్రద్ధ చేయరాదు. అది క్లోమగ్రంథి వాపు కావచ్చు.

వంటింటి మందులకు హద్దు

గృహవైద్యాన్ని అభిమానించే పాఠకులకే ఈ మాట చెప్పవలసి వస్తున్నది. అలసకంలో మనిషికి ఉప్పు కలిపిన వేడినీరు తాగించి వాంతి చేయించమని చరకుడు చెప్పాడు. అది చదివి కుక్కకు ఉప్పునీరు పట్టడం ఘోరమైన పొరపాటు. ఉప్పు మోతాదు మించితే అదే విషమై కుక్కకు మూర్ఛలు వస్తాయి. కుంకుడు రసం పోస్తే ఊపిరితిత్తులలోకి దిగవచ్చు. ఆముదం విరేచనాలను పెంచి ఒంట్లోని నీటిని ఇంకా తీసివేస్తుంది. మనం వేసుకునే నొప్పి మాత్రలు దాని కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. చొంగ కారుస్తూ ఓకరించే కుక్కను చూసి, గొంతులో ఎముక ఇరుక్కున్నదని కొందరు నోట్లో చేయి పెడతారు. పిచ్చికుక్క వ్యాధిలో కూడా అచ్చం ఇదే తీరు కనిపిస్తుంది. ఆ వ్యాధి ముదిరితే మనిషికి మందు లేదు. చేయి పెట్టవద్దు. చొంగ తగిలితే వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని కలవాలి. కుక్కకు ఏటేటా టీకా వేయించడం అన్ని చిట్కాల కన్నా మేలు.

ఇలా అనడం మన శాస్త్రాన్ని తక్కువ చేయడం కాదు. ఏనుగులకు పాలకాప్యుని గజశాస్త్రం, గుర్రాలకు శాలిహోత్రుని అశ్వశాస్త్రం వేరుగా వెలసింది మన దేశంలోనే. ఏ జీవికి ఆ జీవి వైద్యం వేరని మన పూర్వులు గుర్తించారు. మనకు మంచిదైనది కుక్కకూ మంచిదేనని అనుకోవడం ఆ సంప్రదాయానికే విరుద్ధం.

ఊరకుక్కలు తరతరాలుగా ఏది పడితే అది తిని బతకలేదా అని కొందరు అడుగుతారు. బతికినవి మన కళ్ల ముందు తిరిగాయి. చావవలసినవి గడ్డివాము వెనుకకు పోయి చచ్చాయి. వాటిని లెక్కించినవారు లేరు. పైగా ఆ కుక్క విందు దొరికిన రోజు తిని, దొరకని రోజు పస్తుండి, మైళ్లకొద్దీ తిరిగేది. గొలుసుతో కట్టిన కుక్కకు మనం విందు మాత్రమే మిగిల్చి, పస్తును, తిరుగుడును తీసివేశాము.

కనుక పండుగనాడు కుక్కకు తిండి పెట్టే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. విస్తళ్లను గుంత తవ్వి పూడ్చండి. పశువైద్యుని ఫోను నంబరును గోడ మీద రాసి ఉంచండి. తనకు చాలునని చెప్పలేని జీవి అది. ఆ మాట దాని బదులు మనమే చెప్పాలి.