రెండవ పరికరము ఎటువంటిది కావలెను?

చిన్న విమానము మేఘములలో ప్రవేశించిన పిదప పైలట్ తన శరీరమును నమ్మరాదు. విమానము ఒరిగినను సమముగా ఉన్నట్లే లోచెవి భ్రమింపజేయును. అప్పుడు ముఖ్యాధారము క్షితిజరేఖను చూపు గైరో పరికరమే.

పాత తరహా చిన్న విమానములలో ఆ గైరోను ఇంజనుచే నడచు వాక్యూమ్ పంపు తిప్పును. పంపు ఆగినచో గైరో వెంటనే నిలిచిపోదు; క్రమముగా మందగించుచు తప్పుడు సూచనల నిచ్చును. కావున అదే పంపుపై ఆధారపడిన రెండవ పరికరము రక్షణ కాజాలదు. అది విద్యుత్తుతో, అందును తన సొంత బ్యాటరీతో నడువవలెనని మా అభిప్రాయము. నేటి ఎలక్ట్రానిక్ తెరలకును ఇదియే సూత్రము.

స్థానమును ముఖ్యమే. 2000 అక్టోబరు 16వ తేదీ రాత్రి అమెరికాలో మిస్సోరి గవర్నరు మెల్ కార్నహాన్ ప్రయాణించిన సెస్నా 335 విమానమున పైలట్ ముందున్న సూచిక చెడిపోయెను. కుడివైపు మరియొకటి కలదు. అయినను ప్రతికూల వాతావరణములో పైలట్ దిగ్భ్రమకు లోనుకాగా విమానము కూలి ముగ్గురును మరణించిరి.

వ్యయము, బరువు పెరుగునని కొందరందురు. ఆ మాట నిజమే. అయినను ఇంజనీర్లు కాగోరు మన విద్యార్థులు పరికరములెన్ని అని లెక్కించుటకు ముందు, ఏది చెడినచో ఏది మిగులునో, మిగిలినది పైలట్ కన్నుల యెదుట నుండునో లేదో విచారింపవలెనని కోరుచున్నాము.