నక్షత్రాల పద్దు వ్రాసిన గుమాస్తా

1918 జూన్ 7వ తేదీ రాత్రి. అవిభక్త వంగదేశంలో, జెస్సోర్ పట్టణానికి చేరువనున్న బాగ్‌చర్ పల్లె. పగలంతా కలెక్టరు కచేరీ ఖజానాలో నాణేలను పరీక్షించే చిరుద్యోగి ఒకరు రాత్రి ఆకాశాన్ని పరికిస్తున్నారు. శ్రవణ నక్షత్రం వెలిగే గరుడ మండలంలో, అంతకు మునుపు కంటికి ఏమీ ఆనని చోట, ప్రకాశవంతమైన తార ఒకటి నిలిచి ఉంది. నక్షత్ర పటంలో ఆ చోట అటువంటి తార లేదు.

ఆ చిరుద్యోగి పేరు రాధాగోవింద చంద్ర. అప్పటికి ఆయనకు నలభయ్యో ఏడు నిండవస్తున్నది. ఆయన చూచినది నోవా, అనగా నవ్యతార. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు నోవా ఎక్విలే. ఇరవయ్యవ శతాబ్దంలో కానవచ్చిన నవ్యతారలలో కెల్ల ప్రకాశవంతమైనది అదే. నిజానికి అది క్రొత్తగా పుట్టిన తార కాదు. మిక్కిలి సాంద్రమైన శ్వేత కుబ్జతార ఒకటి తన జంట తార నుండి హైడ్రోజన్ వాయువును లాగుకొంటూ ఉంటుంది. ఆ వాయువు పొరలు పొరలుగా పేరుకొని, వేడిమి హద్దు మీరినపుడు భగ్గున మండి, కొద్ది దినాల పాటు వేల రెట్ల కాంతిని విరజిమ్ముతుంది. ఆ దినాలలో దానిని ఎవరి ప్రేరణా లేకుండా స్వయంగా గుర్తించినవారు ప్రపంచంలో పలువురున్నారు. వారిలో చంద్ర ఒకరు.

క్రొత్త తారను కనిపెట్టడానికి ఆయనకు అక్కరకు వచ్చినది విలువైన పరికరం కాదు. ఏ తార ఏ చోట ఉండవలెనో తెలిసిన కన్ను. వీథిలో ప్రతి ఇంటినీ ఎరిగినవానికే క్రొత్త కాపురం వెంటనే తెలుస్తుంది.

ఆ ఎరుక ఒక్కనాటిలో వచ్చినది కాదు. 1878లో జన్మించిన చంద్రకు ఆకాశంపై మక్కువ కలిగించినది బడిలో చదివిన వంగభాషా పాఠం. అక్షయకుమార దత్తు బ్రహ్మాండపు విశాలతను వర్ణించిన వ్యాసమది. చదువు మాత్రం సాగలేదు. ప్రవేశ పరీక్షలో మూడు మార్లు తప్పి, చిన్న కొలువులో కుదురుకున్నారు. ఆ ఊరిలోనే కాళీనాథ ముఖర్జీ అనే న్యాయవాది ఉండేవారు. వారు నక్షత్ర పటాలను కూర్చిన పండితులు. ఆ పటాలను చేతబట్టి చంద్ర ఉత్త కంటితోనే నక్షత్ర మండలాలను ఒకటొకటిగా నేర్చుకున్నారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినపుడు ఆయన చేతిలో ఉన్నది బైనాక్యులర్ మాత్రమే. 1912లో గాని ఇంగ్లండు నుండి మూడంగుళాల దూరదర్శిని తెప్పించుకోలేదు.

మొదట పటం, పిమ్మట కన్ను, ఆ పిమ్మట బైనాక్యులర్, చివరకు దూరదర్శిని. ఈ వరుసను తలక్రిందులు చేసినందువల్లనే నేడు అనేకుల ఇండ్లలో దూరదర్శినులు అటకలెక్కుతున్నవి.

దూరదర్శిని కొనబోయేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, “ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుంది?” అన్నది. అడగవలసిన ప్రశ్న అది కాదు. దూరదర్శిని ముఖ్య కార్యం కాంతిని పోగుచేయడం. కటాహం నోరు ఎంత వెడల్పైతే అంత వాన నీరు పడినట్లు, కటకం వ్యాసం ఎంత పెద్దదైతే అంత కాంతి లోనికి వస్తుంది. చీకటిలో విప్పారిన కంటిపాప వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు. మూడంగుళాల కటకం వ్యాసం 76 మిల్లీమీటర్లు. వైశాల్యాల లెక్క ప్రకారం అది కంటికంటె నూరు రెట్లకు మించిన కాంతిని కూడగడుతుంది. తారల ప్రకాశాన్ని కొలిచే ప్రమాణంలో అంకె పెరిగిన కొద్దీ కాంతి తగ్గుతుంది. చీకటి పల్లెలో ఉత్త కంటికి ఆరవ ప్రమాణం తారలే కడపటి హద్దు. మూడంగుళాల కటకానికి పదకొండవ ప్రమాణం తారలు సైతం అందుతాయి.

ఇక ఎన్ని రెట్లన్నది చిన్న లెక్క. ప్రధాన కటకపు నాభ్యంతరాన్ని, కన్ను ఆనించి చూచే అక్షికటకపు నాభ్యంతరంతో భాగించాలి. 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల దూరదర్శినికి 20 మిల్లీమీటర్ల అక్షికటకం తగిలిస్తే 45 రెట్లు, 10 మిల్లీమీటర్లది తగిలిస్తే 90 రెట్లు. కటకం వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకు రెండు రెట్లన్నది ఎగువ హద్దు. అది దాటితే బింబం పెద్దదవుతుందే గాని, మసకబారి, అలికినట్లవుతుంది. కావున రెండంగుళాల గొట్టంపై అయిదారు వందల రెట్లని ముద్రించి ఉంటే దానిని ఆట వస్తువుల వరుసలో చేర్చడమే ఉత్తమం. గొట్టంతో సమానంగా చూడవలసినది దాని కాళ్లపీట. గాలికి ఊగిపోయే పీటపై ఎంత మంచి కటకమైనా నిష్ఫలమే.

చంద్ర తన దూరదర్శినిని వేడుకకే పరిమితం చేయలేదు. నవ్యతార వార్తను ఆయన అమెరికాలోని హార్వర్డు వేధశాలకు తెలియజేశారు. నాటి సంచాలకుడు ఎడ్వర్డ్ పికరింగ్ నుండి ప్రోత్సాహం లభించింది. 1911లో అమెరికాలో ఏర్పడిన చరతారల పరిశీలకుల సంఘంతో చంద్రకు సంబంధం కలిసింది.

చరతారలంటే కాంతిలో హెచ్చుతగ్గులు గల తారలు. తిమింగల మండలంలోని మీరా సుమారు 332 దినాలకు ఒకమారు వెలిగి, మరల ఉత్త కంటికి కనబడనంతగా క్షీణిస్తుంది. పెర్సియస్ మండలంలోని ఆల్గాల్ రెండు రోజుల ఇరవై ఒక్క గంటల కొకమారు మసకబారుతుంది. అది జంట తార. కాంతి తక్కువైన తార ఎదుటికి వచ్చి రెండవదానిని మరుగుపరచడమే ఇందుకు కారణం.

ఈ హెచ్చుతగ్గులను కొలవడానికి కంటికి మించిన యంత్రం అక్కరలేదు. చరతారకు ఇరుగుపొరుగున కాంతి మారని తారలుంటాయి. వాటి ప్రమాణాలు పటంలో వ్రాసి ఉంటాయి. ఒకటి 8.2, మరొకటి 8.8 అనుకుందాం. చరతార సరిగా ఆ రెంటి నడుమ ఉన్నట్లు తోస్తే 8.5 అని పద్దు వ్రాయాలి. తేదీ, వేళ చేర్చాలి. అంతే పని. కాని ఆ పనిని ఏళ్ల తరబడి చేస్తేనే ఒక తార నడవడి బయటపడుతుంది. వేలాది తారలను నిత్యం కనిపెట్టి ఉండే తీరిక వేధశాలల పెద్ద దూరదర్శినులకు లేదు. పైగా అమెరికాలో పగలైనపుడు భారతదేశంలో రాత్రి. అక్కడివారు చూడలేని గంటలలో ఒక తార ఏమి చేసినదో చెప్పగలవారు ఇక్కడనే ఉండాలి. జెస్సోర్ పద్దులకు అంత విలువ ఏర్పడడానికి ఇది ఒక ప్రధాన కారణం.

1919 మొదలు 1954 వరకు చంద్ర ఆ సంఘానికి పంపిన పరిశీలనలు 37 వేలకు పైబడినవి. ఏటికి వేయికి మించిన లెక్క. వర్షాకాలపు మబ్బు రాత్రులను తీసివేస్తే, మిగిలిన రాత్రులలో ఒక్కొక్క దాని మీద ఎంత శ్రమ పడి ఉంటారో ఊహించవచ్చు. తెల్లవారితే ఖజానా పని ఉండనే ఉంది. నాణెం మంచిదో కాదో తేల్చే కన్నే రాత్రి తార వన్నెను తేల్చింది. ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 1928లో గౌరవ పతకమిచ్చింది.

మూడంగుళాల కటకానికి అందని తారలు ఎన్నో ఉన్నవి. 1926లో ఆ సంఘం వారు ఆయనకు ఆరంగుళాల దూరదర్శినిని పంపించారు. అది సంఘ సభ్యుడు చార్లెస్ ఎల్మర్‌ది. తరువాతి కాలంలో పెర్కిన్-ఎల్మర్ సంస్థ స్థాపకులలో ఒకరైన ఎల్మర్ ఈయనే. 1990లో ఆకాశానికెగసిన హబుల్ దూరదర్శినికి ప్రధాన దర్పణాన్ని సానబట్టినది ఆ సంస్థే. ముఖపరిచయమైనా లేని విదేశీయునికి అంత విలువైన పరికరాన్ని పంపడానికి వారికి హామీగా నిలిచినవి ఆయన పద్దులే.

1947లో దేశ విభజన జరిగింది. జెస్సోర్ తూర్పు పాకిస్తానులో చేరింది. చంద్ర పుట్టిన ఊరు విడిచి, కలకత్తా చెంతనున్న బారాసాత్‌లో స్థిరపడ్డారు. ఊరు మారింది, దేశం మారింది, పద్దు ఆగలేదు. చూపు, ఓపిక ఉన్నంత వరకు వ్రాసి, పరిశీలన చాలించిన పిమ్మట ఎల్మర్ దూరదర్శిని వేణు బప్పు చేతికి వచ్చింది. అనంతరం తమిళనాడులోని కావలూరు వేధశాలకు చేరింది. 1975 ఏప్రిల్ 3న, తొంభై ఏడో ఏట, చంద్ర బారాసాత్‌లో కన్నుమూశారు.

వేణు బప్పు కథ మన హైదరాబాదుతో ముడిపడి ఉంది. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. బప్పు పెరిగినది, చదివినది హైదరాబాదులోనే. ఆ వేధశాల పుట్టుక కూడ ఒక ఔత్సాహికుని చలవే. నిజాం కొలువులోని ప్రభువు నవాబ్ జఫర్ జంగ్ నక్షత్రాలపై మక్కువతో ఇంగ్లండు నుండి పదిహేను అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఆవరణలో వేధశాలకు శ్రీకారం చుట్టారు. 1907లో ఆయన మరణానంతరం అది ప్రభుత్వపరమై బేగంపేటకు తరలింది. అటు నవాబుగారి పదిహేను అంగుళాలు, ఇటు గుమాస్తాగారి మూడంగుళాలు. ధనంలో పోలిక లేదు. కాని ఇరువురి ఆసక్తి తమతో ముగిసిపోలేదు. ఒకరి సాధనం నగరానికి వేధశాల అయింది. మరొకరి సాధనం మరొక తరం చేతికి అందింది.

నేడు ఈ అభిరుచిని చేపట్టదలచినవారికి కావలసినవి ఏమిటి? మొదట నక్షత్ర పటం, కృష్ణపక్షపు చీకటి, ఓపిక. చీకటికి కన్ను అలవాటు పడడానికి ఇరవై నుండి ముప్పై నిమిషాలు పడుతుంది. నడుమ ఒక్కమారు తెల్లని దీపం చూచినా అంతా మొదటికి వస్తుంది. పటం చూచుకొనడానికి టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టడం మంచిది. పిదప, ఏడు రెట్లు చూపే 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్. మోచేతులు గోడకానించి చూస్తే గురుగ్రహపు నాలుగు చంద్రులు, కృత్తికల గుంపు, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా నక్షత్రవీథి అందులో కనబడతాయి. శని వలయాలకు మాత్రం చిన్న దూరదర్శిని ఉండాలి. ఏ పరికరంతోనైనా సూర్యుని వైపు చూడరాదు. తగిన సూర్యఫలకం ముందు భాగాన అమర్చనిదే, క్షణంలో చూపు పోతుంది.

ఎక్కువ వెచ్చించలేనివారు దర్పణాన్ని తామే సానబట్టుకొనవచ్చు. రెండు గాజు బిళ్లల నడుమ కార్బోరండం పొడి, నీరు వేసి ఒకదానిపై ఒకటి రుద్దుతూ పోతే పైది పుటాకారం దాలుస్తుంది. పిమ్మట మెరుగుపెట్టి, పైన అల్యూమినియం పూత వేయిస్తారు. కొన్ని వారాల శ్రమతో ఆరంగుళాల దర్పణం తయారవుతుంది. చెక్కపెట్టె పీటపై దానిని నిలిపితే చాలు. కోస్తా ప్రాంతాల వారు మరొక శత్రువును గమనించాలి. వానాకాలపు తేమకు కటకాలపై బూజు పడుతుంది. తేమను పీల్చే సిలికాజెల్ సంచులతో పెట్టెలో బిగించి ఉంచాలి.

నేడు స్వయంచాలక దూరదర్శినులు ప్రతి రాత్రి ఆకాశాన్ని చిత్రించి లక్షలాది తారలను కొలుస్తున్నవి. ఇక ఔత్సాహికునికి పనేముందని కొందరి సంశయం. వాటి సున్నితమైన ఫలకాలకు మసక తారలే అనుకూలం. మిక్కిలి ప్రకాశవంతమైన తారలు వాటిని ముంచెత్తుతాయి. 2019 చివరి నుండి 2020 వరకు ఆర్ద్రా నక్షత్రం అనూహ్యంగా మసకబారినపుడు, ఆ క్షీణతను నమోదు చేసినవారిలో ఔత్సాహికులు ఎందరో ఉన్నారు. ఊరి దీపాల వెలుగు రానురాను ఆకాశాన్ని కప్పివేస్తున్న నేపథ్యంలో, ఎక్కడ ఏ తార ఇంకా కనబడుతున్నదన్న వివరం కూడ విలువైన సమాచారమే.

పరికరం చిన్నదని వెనుదీయవలసిన పని లేదు. డాబా మీద కూర్చుని, ఆల్గాల్ ఈ రాత్రి ఏ తారతో సరిసమానంగా ఉన్నదో చూచి, తేదీ, వేళ వేసి నోటుపుస్తకంలో ఒక వరుస వ్రాయవచ్చు. రేపు మరొక వరుస. రాధాగోవింద చంద్ర 37 వేల పరిశీలనలు కూడినది ఆ విధంగానే. నూరేళ్ల క్రిందట ఆయన వ్రాసి పంపిన అంకెలు నేటికీ ఆ తారల కాంతి చరిత్రలో భాగంగా నిలిచి ఉన్నవి.