దారి వదిలితేనే దక్కేది ప్రాణం

రామతీర్థం (నెల్లిమర్ల): విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం చేరే రహదారి మామూలు రోజుల్లో ప్రశాంతంగానే ఉంటుంది. భీష్మ ఏకాదశి, మహాశివరాత్రి, శ్రీరామనవమి వచ్చాయంటే మాత్రం ఆటోలు, ద్విచక్ర వాహనాలు, బస్సులతో కిక్కిరిసిపోతుంది. జాగారానికి వచ్చిన భక్తుల్లో ఎవరికైనా గుండెపోటు వచ్చినా, చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణికి నొప్పులు మొదలైనా ఇదే దారిన నెల్లిమర్లలోని మిమ్స్‌కో, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రికో తరలించవలసి ఉంటుంది. అటువంటప్పుడు 108 వాహనం ఎంత త్వరగా చేరుతుందనేది ముందున్న చోదకుల చేతిలోనే ఉంటుంది.

చట్టం చెబుతున్నదేమిటి?

అగ్నిమాపక వాహనం, అంబులెన్సు సమీపిస్తే పక్కకు తప్పుకొని దారి ఇవ్వాలని 1989 నాటి రహదారి నిబంధనలే నిర్దేశించాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలు అగ్నిమాపక వాహనానికి మొదటి ప్రాధాన్యం, అంబులెన్సుకు రెండవది, పోలీసు వాహనానికి మూడవది కల్పించాయి. ప్రాణాపాయాన్ని నివారించే పనిలో ఉన్నప్పుడు ఈ వాహనాలు తగిన జాగ్రత్తతో ఎర్ర సిగ్నలును దాటవచ్చు, వేగ పరిమితిని మించవచ్చు. ఈ మినహాయింపు వాటి వెనుక వచ్చే వారికి వర్తించదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194-ఇ సెక్షను ప్రకారం దారి ఇవ్వని చోదకునికి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2017 మే 1 నుంచి ప్రముఖుల కార్లపై ఎర్రబుగ్గలు తొలగిపోయినందున, మెరిసే దీపమంటే నాయకుని వాహనమేననే పాత భావననూ ప్రజలు విడనాడాలి.

చోదకులు చేయవలసింది

సైరన్‌ వినబడగానే కంగారుపడి నడిరోడ్డుపై ఆగిపోవడం తరచుగా జరిగే పొరపాటు. అంబులెన్సు ముందు వేగం పెంచి పరుగుతీయడం మరొకటి. ముందుగా అద్దంలో చూసి అది ఏ వైపు నుంచి వస్తున్నదో గుర్తించాలి. ఎడమ ఇండికేటరు వేసి, నెమ్మదిగా ఎడమ అంచుకు జరిగి, అవసరమైతే ఆగాలి. కొందరు ఎడమకు, కొందరు కుడికి తప్పుకుంటే అంబులెన్సు చోదకునికి దారి ఎటో తెలియదు. అది ఎదురుగా వస్తున్నా ఎడమకే జరగాలి. ఎదుటి వాహనాన్ని దాటే ప్రయత్నంలో ఉంటే వెంటనే విరమించాలి.

కూడలిలోకి ఇంకా ప్రవేశించకపోతే బయటే ఆగాలి, ప్రవేశించి ఉంటే త్వరగా దాటి పక్కకు తొలగాలి. రోడ్డు అంచు మెత్తగా ఉన్నచోట, కల్వర్టు దగ్గర భారీ వాహనాలు హఠాత్తుగా దిగితే మరో ప్రమాదం తప్పదు. కాస్త ముందుకు సాగి గట్టినేల ఉన్నచోట దారి ఇవ్వడం మేలు. అద్దాలు మూసి, పాటల ధ్వని పెంచి నడిపే వారికి సైరన్‌ వినబడదు కనుక తరచూ అద్దంలో చూసుకోవడం అవసరం. ఒక అంబులెన్సు దాటిపోగానే బయలుదేరరాదు, వెనుక మరొకటి ఉండవచ్చు. దాని వెంట పడి ఖాళీ దారిన దూసుకుపోవడం మరింత ప్రమాదకరం.

ఉత్సవాలకు ముందే జాగ్రత్త

అయితే తప్పుకోవడానికి చోటు లేని దారిలో చోదకుని సద్బుద్ధి ఒక్కటే చాలదు. అంచున వరుసగా నిలిపిన ఆటోలు, రోడ్డుపైకి చొచ్చుకొచ్చిన దుకాణాలు అంబులెన్సును సైరన్‌ మోగకముందే అడ్డుకుంటాయి. 2021 జనవరి 2న వేర్వేరు పార్టీల నాయకులు ఒకేరోజు తరలిరావడంతో రామతీర్థం జనంతో, వాహనాలతో నిండి ఉద్రిక్తంగా మారింది. అలాంటి రద్దీలో రోగిని బయటకు తేవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఉత్తరాంధ్రకు చేదు అనుభవాలు కొత్త కావు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి వద్ద రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొన్నప్పుడు క్షతగాత్రులను చీకటిలోనే ఆసుపత్రులకు చేర్చవలసి వచ్చింది. 2025 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని వేంకటేశ్వరస్వామి ఆలయం వద్ద ఏకాదశి నాడు జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది మరణించారు. జనం ఒక్కచోట చేరే రోజున ఆపద ఎప్పుడైనా రావచ్చని ఈ ఘటన హెచ్చరిస్తోంది.

కనుక ఉత్సవాల సమయంలో వాహనాలను ఊరి వెలుపలే నిలిపే ఏర్పాటు, అంబులెన్సుకు ప్రత్యేకంగా ఒక వరుస, కూడళ్ల వద్ద పోలీసు సిబ్బంది ఉండేలా దేవస్థానం, పోలీసు, రెవెన్యూ శాఖలు ముందుగానే నిర్ణయించాలి. ఆటో సంఘాలకు, బస్సు చోదకులకు అవగాహన కల్పించాలి. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైన 108 సేవ నేడు మారుమూల పల్లెకూ సుపరిచితమే. ఫోను చేస్తే వాహనం వస్తుందన్న నమ్మకం ప్రజలకు ఉంది. వచ్చిన వాహనం సకాలంలో ఆసుపత్రికి చేరాలంటే దారిలోని ప్రతి చోదకుడూ ఆ సేవలో భాగస్వామి కావాలి.