చైన్ మార్చాలా, కారు అమ్మాలా?

పాత డీజిల్ కారు ఉన్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ సవాల్ తప్పదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ పక్క నుంచి గలగలమని చప్పుడు వస్తుంది, డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు. మిస్త్రీ చెవి పెట్టి విని “టైమింగ్ చైన్ భాయ్” అంటాడు. ఇక ఇంటిల్లిపాదీ మష్వరాకు కూర్చుంటారు.

మా ఇంట్లో ఈ నెలంతా అదే నడిచింది. మాది 2012 స్విఫ్ట్ డిజైర్ డీజిల్, 1,64,000 కిలోమీటర్లు తిరిగింది. ఈ రోజు అమ్మితే మహా అయితే 2 లక్షలు వస్తాయి. చైన్ పనికి మా మిస్త్రీ చెప్పిన హిసాబ్ 22,000. కారు ధరలో పదో వంతు పైగా పెట్టి, కంటికి కనపడని గొలుసు మార్చడం అఖల్‌మందీయేనా అని ఇంటికొచ్చినవాళ్లంతా అడుగుతున్నారు. నా జవాబ్: మా కారుకైతే మార్చాల్సిందే. అందరూ మార్చాలని మాత్రం అనను.

అసలు ఈ గోలకు మూలం ఒక గలత్‌ఫహమీ. డస్టర్ లాంటి డీజిల్ కార్లలో ఉండేది రబ్బరు బెల్టు. ఇన్ని కిలోమీటర్లకు మార్చు అని దానికి లెక్క ఉంటుంది. చైన్‌కు అలాంటి లెక్క సాధారణంగా చెప్పరు. అంతే, ‘చైన్ జిందగీ భర్ వస్తుంది’ అని మనవాళ్లు తేల్చేశారు. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు పైన క్యామ్ ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా రెంటినీ కట్టి ఉంచేదే చైన్. ఇనుము రబ్బరులా సాగదు, నిజమే. కానీ ఒక్కో లింకులో పిన్ను అరుగుతుంది. వెంట్రుక వాసి అరుగుదల అన్ని లింకుల్లో కలిస్తే చైన్ పొడుగవుతుంది. ఆ వదులును బిగించే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో మసి చేరుతుంది, పాతబడిన కొద్దీ ఆ ఆయిలే చైన్‌ను అరగదీస్తుంది. కాబట్టి చైన్ ఉమర్ కారు వయసును బట్టి ఉండదు, ఆయిల్ ఎంత ఇమాన్‌దారీగా మార్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. మా కారులో ఉన్నది ఫియట్ వాళ్ల 1248 సీసీ ఇంజిన్. స్విఫ్ట్, రిట్జ్, పుంటో, టాటా విస్టా అన్నిటిలోనూ ఇదే తిరిగింది గనుక ఈ మాటలు చాలా ఇళ్లకు పనికొస్తాయి.

ఎవరు మార్చనక్కర్లేదు? చల్లటి ఇంజిన్‌లో ఒకటి రెండు సెకన్లు చప్పుడు వచ్చి ఆగిపోతే, పది వేల కిలోమీటర్లకో ఏడాదికో ఆయిల్ మార్చిన బిల్లులు ఇంట్లో ఉంటే, ఆ 22,000 ఇంట్లోనే ఉంచుకోండి. ముందు ఆయిల్ లెవెల్ చూడండి, మంచి ఆయిల్, ఫిల్టర్ వేయించి మళ్లీ వినండి. ఆల్టర్నేటర్ బేరింగ్ పోయినా, బయటి బెల్టు పుల్లీ పోయినా అదే వైపు నుంచి చప్పుడు వస్తుంది. బయటి బెల్టు తీసి ఒక్క నిమిషం ఇంజిన్ నడిపితే ఆ షక్ తీరిపోతుంది. స్కానర్ పెడితే పీ 0016 అనే కోడ్ వస్తోందా చూడమనండి. క్యామ్‌కూ క్రాంక్‌కూ పొత్తు కుదరడం లేదని దానర్థం. ఇవేవీ చూడకుండా, బోనెట్ ఎత్తీ ఎత్తగానే చైన్ కిట్ రాసిచ్చే గ్యారేజీ నుంచి సలాం కొట్టి బయటికి వచ్చేయడమే.

మా కారు సంగతి వేరు. చప్పుడు పది సెకన్లు దాటుతోంది, ఇంజిన్ వేడెక్కాక కూడా ఐడిల్‌లో వినిపిస్తోంది. ఇది మేము సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారు, మొదటి ఓనర్ దగ్గర ఆయిల్ రికార్డే లేదు. పోయిన వారం ఆయిల్ దింపితే నల్లటి ప్లాస్టిక్ ముక్కలు రెండు వచ్చాయి. చైన్ ఒరుసుకుపోయే గైడ్ తాలూకు ముక్కలవి. మిస్త్రీ చాచా వాటిని అరచేతిలో పెట్టి చూపించాడు, ఏమీ అనలేదు.

ఈ కారులో మూడు నెలలకోసారి అమ్మీని హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తాం. కర్నూలు నుంచి 210 కిలోమీటర్ల సఫర్, అంతా హైవే. లారీల మధ్య 90లో పోతుండగా చైన్ పళ్లు దాటిందనుకోండి, ఇంజిన్ అక్కడికక్కడే ఆగుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు రెండు సార్లు నొక్కేసరికి రాయిలా అవుతుంది. లోపల పిస్టన్లు వాల్వులను కొడతాయి. కిస్మత్ బాగుంటే రాకర్ ఆర్మ్‌లు విరిగి అంతటితో పోతుంది, లేదంటే హెడ్డే విప్పాలి. అప్పుడు 60,000కు తక్కువ కాదంటున్నాడు మిస్త్రీ. కారు ధరలో పదో వంతు అన్న లెక్క అందుకే నాకు ఎక్కదు. హైదరాబాద్ పోయి రావడానికి టాక్సీ కిరాయి 5,500. నాలుగు సార్లు పోతే 22,000. అంటే ఒక్క ఏడాదిలో చైన్ ఖర్చు తీరిపోతుంది.

అమ్మేసి కొత్తది కొనమంటారు కొందరు. వడ్డీకి అప్పు తెచ్చే అలవాటు మా ఇంట్లో లేదు. చేతిలో డబ్బుకు వచ్చేది మళ్లీ ఒక సెకండ్‌హ్యాండ్ కారే. దాని చైన్ హాల్ ఏమిటో ఎవరికి ఎరుక? ఈ కారు ఐబ్ అయినా నాకు తెలుసు.

నాకు కోపం తెప్పించిన మష్వరా మా బావమరిదిది. “దుల్హా భాయ్, చిక్కటి ఆయిల్ పోయించండి, చప్పుడు తగ్గుతుంది. మధ్యాహ్నం పూట ఇంజిన్ వేడి మీద చూపించి అమ్మేయండి” అన్నాడు. కుర్రాడు మంచివాడే, మార్కెట్‌లో అందరూ చేసేదే చెప్పాడు. కానీ ఇలాంటి కారు కొనేదెవరు? మన మొహల్లాలోనే, వాళ్ల అమ్మ గాజులు అమ్మిన డబ్బుతో మొదటి కారు కొని కిరాయికి తిప్పుకుందామనుకునే పిల్లవాడు. వాడి ఇంజిన్ నెలకే పగిలితే వాడి రోజీ పోయినట్టే. అమ్మదలిస్తే అమ్మండి, హరజ్ లేదు. చైన్ అరిగిందని చెప్పి, చల్లటి ఇంజిన్ మీద చప్పుడు వినిపించి, 25,000 తగ్గించి అమ్మండి. ఐబ్ దాచి సంపాదించిన పాతిక వేలు ఫాయిదా అనుకునేవాళ్లతో నాకు మాట లేదు.

మార్చేవాళ్లకు రెండు సంగతులు. చైన్ ఒక్కటే మార్చి పాత టెన్షనర్, పాత గైడ్లు ఉంచితే 5,000 మిగులుతుందంటారు, ఒప్పుకోకండి. దాని కోసం ఇంజిన్ ముందు కవర్, కింద సంప్ మళ్లీ విప్పాల్సి వస్తే కూలీయే అంతకు మించుతుంది. ఇక క్యామ్, క్రాంక్ కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ ఉన్నాయా అని మిస్త్రీని అడగండి. పెయింట్ గుర్తు పెట్టి అందాజాగా చేస్తానంటే ఎంత తజుర్బా ఉన్నవాడైనా వద్దనండి.

మా కారు ఈ జుమేరాత్ షెడ్డుకు పోతోంది, మూడు రోజుల పని. పాత చైన్‌ను కొత్తదాని పక్కన పరిచి చూపించమని ముందే చెప్పి పెట్టాను. బావమరిదిని కూడా రమ్మన్నాను.