పసివారికి పీట వేద్దాం

భగవంతునికి సమర్పించే షోడశోపచారాలలో ఆవాహనం తరువాత వచ్చేది ఆసనం. స్నానం, వస్త్రం, ధూపదీపాలు, నైవేద్యం అన్నీ ఆ తరువాతివే. రమ్మని పిలిచి, కూర్చోమనకుండా ఎన్ని భక్ష్యాలు నివేదించినా అది పూజ అనిపించుకోదు. కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, ఆపైన కుశలమడిగే మన ఇళ్ల మర్యాదలోనూ ఉన్నది ఈ భావమే. కూర్చోవడానికింత గడ్డి, ఇంత చోటు, నీరు, మంచిమాట అనే నాలుగూ సజ్జనుల ఇళ్లలో ఎన్నడూ లోపించవని మనుస్మృతి మూడవ అధ్యాయం చెబుతున్నది. ధనం లేనివాడు కూడా ఇవ్వగలిగినవి ఇవి.

ఆసనం దక్కకపోతే పసిమనసు ఎంత తల్లడిల్లుతుందో ధ్రువోపాఖ్యానం తెలుపుతుంది. ఐదేళ్ల బాలుడు తండ్రి తొడపై కూర్చోబోయాడు. సవతితల్లి సురుచి అడ్డుపడింది. తండ్రి మౌనం వహించాడు. ఆ బాలుడు అడవికి పోయి, తపస్సు చేసి, చలించని స్థానాన్ని సాధించుకున్నాడు. ఆ కథ విని ధ్రువుని దీక్షను మెచ్చుకుంటాం. మాట్లాడక ఊరుకున్న ఉత్తానపాదుని మాత్రం మరచిపోతాం. నేడు మనం ఆయన స్థానంలోనే ఉన్నామేమో ఆలోచించుకోవాలి.

ఏటా దీపావళి దాటిన తరువాత ఒడిశాలోని బొలంగీర్, నువాపడ, కలహండి ప్రాంతాల నుండి వేలాది కుటుంబాలు మన ఇటుక బట్టీలకు వలస వస్తాయి. ముందుగా తీసుకున్న బయానా తీర్చడానికి ఆలుమగలతోపాటు పిల్లలూ వస్తారు. వానలు పడేలోగా తిరిగి వెళతారు. ఇటుకలు పేర్చి, పైన రేకో టార్పాలినో కప్పిన గుడిసెలే వారి నివాసాలు. పెద్దవారు నడుము వంచితే తప్ప లోపలికి పోలేరు. లోపల నేలే మంచం, నేలే బల్ల. మన పాలమూరు కూలీలు తరతరాలుగా ముంబై, పుణె నగరాలకు వెళ్లి ఇటువంటి బ్రతుకే బ్రతికారు. కనుక ఇది పరాయివారి కష్టమని అనుకోవడానికి వీలులేదు.

నేలపై పడుకోవడం మనకు కొత్త కాదు గదా అని కొందరనవచ్చు. వ్రతనియమంగా చేసే భూశయనం వేరు, గతిలేక చేసేది వేరు. కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. దాని కాటుకు ఎక్కువగా గురయ్యేది నేలపై నిద్రించేవారేనని వైద్యులు చెబుతారు. కాటు పడినచోట నొప్పి, వాపు అంతగా కనబడవు కనుక తెల్లవారేసరికి ప్రాణం మీదికి వస్తుంది. జానెడు ఎత్తున ఒక మంచం, చుట్టూ చెక్కిన దోమతెర ఉంటే ఆ గండం చాలావరకు తప్పుతుంది.

చదువు సంగతీ అంతే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, 2022లో తెలంగాణలో మన ఊరు-మన బడి పేరుతో ప్రభుత్వాలు చేపట్టిన కార్యక్రమాలలో పాఠశాలలకు బల్లలు సమకూర్చడం కూడా చేరింది. అది హర్షణీయం. అయితే బడిలోని బల్ల బిడ్డ వెంట ఇంటికి రాదు. సగం ఏడాది బట్టీ దగ్గర గడిపే బిడ్డకు అసలే అందదు. 2014లో ముంబైకి చెందిన ఆరంభ్ అనే సంస్థ పాత అట్టపెట్టెలను కత్తిరించి, మడిస్తే పుస్తకాల సంచిగా, విప్పితే రాసుకునే వాలుబల్లగా పనికివచ్చే సాధనాన్ని తయారుచేయించింది. సంకల్పముంటే ఖర్చు పెద్దది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

మన సంప్రదాయంలో శయ్యాదానం ఉన్నది. ఉత్తరక్రియలలో గతించినవారిని ఉద్దేశించి మంచం, పరుపు, దుప్పటి దానమిస్తాము. దానిని మీ పురోహితుడు చెప్పిన రీతిలో యథావిధిగా చేయండి. ఆ మంచాన్నే పసివారికి ఇమ్మని నేననడం లేదు. పోయినవారి సుఖనిద్ర కోసం ఇంత శ్రద్ధ వహించే మనం, బ్రతికి ఉన్న బిడ్డ సుఖనిద్ర కోసం కూడా ఒక శయ్య ఇవ్వాలనే నా మనవి. దానికి శుభదినమే తగినది. మనుమడి పుట్టినరోజు కావచ్చు, అక్షరాభ్యాసం కావచ్చు.

నాలుగు నెలలుండి పోయేవారు దానానికి పాత్రులా, మంచం అమ్ముకుంటే ఏమిటి అని సందేహించేవారు ఉన్నారు. తిరిగి ఉపకారం చేయలేనివానికి ఇచ్చినదే సాత్త్విక దానమని గీత పదిహేడవ అధ్యాయంలో భగవానుడు చెప్పాడు. మళ్లీ మన కంటబడతాడో లేడో తెలియని వలసకూలీ కంటె ఆ మాటకు తగినవాడెవడు? ఇక, నాది కాదని విడిచిన వస్తువు మీద తిరిగి లెక్క అడగడం దాత పని కాదు.

అయితే ఇచ్చేది పనికివచ్చేదై ఉండాలి. పాలుడిగిన గోవులను దానమిస్తున్న తండ్రిని చూసి నచికేతుడు కలతచెందాడు. కాలు విరిగిన కుర్చీని ఇంట్లోంచి వదిలించుకుని దానమనుకుంటే మనమూ ఆ కోవలోకే వస్తాం. సామానంతా మూటగట్టి రైలెక్కే కుటుంబానికి టేకుమంచం బరువే అవుతుంది. మడతమంచం, దోమతెర, ఒక పీట, ఒడిలో పట్టే వాలుబల్ల చాలు. గ్రామంలోని ఆలయ కమిటీ పూనుకుంటే సీజనుకు పది కుటుంబాలకు అమర్చగలదు.

బట్టీకి నిప్పు పెట్టేముందు కొబ్బరికాయ కొట్టి పూజ చేయించే యజమానులకు ఒక మాట. మీ పని చేసేవారికి నిలువనీడ, పడుకునే చోటు కల్పించడం దానం కాదు, మీరు తీర్చవలసిన ఋణం. ఊరివారి దానం దానికి తోడు కావాలే గాని బదులు కాకూడదు.

ద్వారకకు వచ్చిన కుచేలుని శ్రీకృష్ణుడు మొదట తన పర్యంకం మీదనే కూర్చోబెట్టాడు. ఐశ్వర్యం ఇచ్చింది తరువాత. ఈ కార్తికంలో మీ ఊరి పొలిమేర బట్టీకి ఒకసారి వెళ్లి, అక్కడి పిల్లలు ఎక్కడ కూర్చుని చదువుకుంటున్నారో, ఎక్కడ పడుకుంటున్నారో చూసి రండి. ఏమివ్వాలో మీకే తెలుస్తుంది.